పడవ అంచు పట్టుకోకుండా

నా కాళ్ళ మీద నాకు ఏనాడూ అనుమానం లేదు. అనుమానమంతా ఉప్పుటేటి నడిమధ్యకు చేరాక నా చెయ్యి ఏం చేస్తుందోనన్న దాని మీదే. మూణ్ణెల్ల పాటు నా బతుకంతా ఆ ఒక్క చెయ్యి చుట్టూ తిరిగింది.

అరవైల మొదటి సంగతి ఇది. అప్పుడు నేను ముత్తుకూరు దగ్గర మా పల్లెలో ఉంటూ, ఉప్పుటేటికి అవతల సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పాలెంలో బడి చెప్పేవాణ్ణి. ఒక్క అయ్యవారి బడి. హెడ్మాస్టరూ నేనే, గంట కొట్టేదీ నేనే. ఇంటి నుంచి ఏటిదాకా అయిదు మైళ్ళు సైకిలు, ఏరు దాటడానికి పడవ, దిగాక ఇసుకలో మైలు నడక. సాయంత్రం మళ్ళీ అదే దారి వెనక్కి. మాది వరి పండించే కుటుంబం. మా ఇంట్లోవాళ్ళకు సముద్రమంటే మాఘమాసంలో బండి కట్టుకుని పోయి ఒక మునక మునిగి వచ్చేదే. దాని పక్కన రోజంతా కూర్చుని జీతం తీసుకునేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ ఏడు మా పంచాయతీ సమితికి కొత్తగా వచ్చిన బీడీవో గారికి ఆటల పిచ్చి. సమితి ఉద్యోగులూ అయ్యవార్లూ తిని కూర్చుని పొట్టలు పెంచుతున్నారని ఆయనకు బెంగ. నెలాఖరు మీటింగులో లేచి, శివరాత్రి వెళ్ళాక ఒక పందెం పెడుతున్నానన్నాడు. ఉప్పుటేరు ఈదాలి. గట్టెక్కి సైకిలు మీద ముత్తుకూరు చేరాలి. అక్కడ సైకిలు పారేసి రెండు మైళ్ళు పరుగెత్తి బడి మైదానంలో ఆగాలి. ఏట్లో తోడుగా పడవలు వస్తాయి గానీ, పడవను ముట్టుకున్నవాడు పందెంలో లేనట్టే. ఇప్పుడు పేపర్లో ఇలాంటిదానికి ట్రయాథ్లాన్ అని పేరు చూస్తున్నాను. మాకు అంత పేరు తెలియదు. మూడాటల పందెం అనుకున్నాం.

నేను ఊరుకుని ఉండవలసింది. కానీ నా పక్కన కూర్చున్న టౌను అయ్యవారు ఒకాయన ముక్కుపొడుం పీల్చుకుంటూ, "రైతుబిడ్డలు బావిలో కప్పలు. ఏట్లో వదిలితే గట్టు ఏదని అడుగుతారు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కోపం వచ్చినప్పుడు లేచి నిలబడటం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న రోగం. లేచి నా పేరు రాయించాను. కూర్చున్నాక గుర్తొచ్చింది, ఆయన చెప్పింది నిజమేనని.

నేను ఈత నేర్చింది మా చేని బావిలో. వీపుకు ఎండిన సొరబుర్ర కట్టి మా నాయన పైనుంచి తోసేశాడు. నాలుగు రోజుల్లో ఈత వచ్చింది. కానీ బావి ఈతలో ఒక మాయ ఉంది. ఎటు పోయినా ఎనిమిది బారలు వేస్తే రాయి చేతికి తగులుతుంది. పట్టుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ తన్నుకుని ఇటు రావడమే. పదేళ్ళు అట్లా ఈదినవాడి ఒంటికి ఎనిమిది బారల తర్వాత ఏదో ఒకటి పట్టుకోవాలన్న అలవాటు పడిపోతుంది. ఉప్పుటేరు పోటు మీద ఉన్నప్పుడు ఫర్లాంగు పైమాటే ఉంటుంది. మధ్యలో రాయి లేదు, మెట్టు లేదు.

పాలెంలో పెద్దమనిషిని పెద్దకాపు అంటారు. ఏరు దాటించే పడవ కూడా ఆయనదే. అరవై ఏళ్ళు ఉంటాయి, వంగని వెన్ను, మాట తక్కువ. ఆయన దగ్గరికి పోయి నాకు ఏట్లో ఈత నేర్పమని అడిగాను. ఆయన గడకర్ర నీళ్ళలో గుచ్చి నా వైపు తిరిగాడు.

"పడవ మునిగితే ఈదాల అయ్యోరా. పడవ తేలతా ఉంటే ఈదేది దేనికి?"

పందెం సంగతి చెప్పాను. ఆయనకు ఎక్కలేదు. ఆకలి లేనివాడు అన్నం వండుకున్నట్టుంది అన్నాడు. నేను పట్టు వదల్లేదు. అక్కడే చొక్కా విప్పి దూకి, నాలుగు బారలు వేసి చూపించాను. పడవలో ఉన్నవాళ్ళు నవ్వారు.

"నువ్వు ఈదటంలా అయ్యోరా, నీళ్ళని కొడతుండావు. అవి నీ బళ్ళో బిడ్డలు కాదు. సరే, రేపటి నుంచి పడవ ఎక్కబాక. పక్కన రా" అన్నాడు పెద్దకాపు.

అట్లా మొదలైంది. పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ కొరుక్కుని బయల్దేరేవాణ్ణి. అయిదు మైళ్ళూ ఎక్కడా కాలు కింద పెట్టకుండా తొక్కాలని నియమం పెట్టుకున్నాను. నేను ఏటికి చేరేసరికి చేపల గంపలతో ఆడవాళ్ళు ఇవతలి గట్టున పడవ దిగుతుండేవారు. వాళ్ళు దిగిన పడవలో నా బట్టలూ అన్నం గిన్నె పెట్టి నేను నీళ్ళలోకి దిగేవాణ్ణి. గంపలు తలకెత్తుకోవడం మానేసి వాళ్ళు నిలబడి చూసేవాళ్ళు. "పడవంతా ఖాళీగా ఉంటే ఈయన తావు చాలనట్టు నీళ్ళలో పోతుండాడే" అని ఒకామె రోజూ అనేది. రోజూ అందరూ కొత్తగా విన్నట్టు నవ్వేవాళ్ళు.

మొదటిరోజు మూడో వంతు దూరంలోనే నా చెయ్యి పడవ అంచు మీద పడింది. నేను వెయ్యలేదు, అదే పడింది. రెండో రోజూ అంతే. పది రోజులకు సగం దాకా పోగలిగాను. సగం దగ్గర గొప్ప చిక్కు ఉంది. వెనక గట్టూ అంతే దూరం, ముందు గట్టూ అంతే దూరం. అక్కడికి చేరగానే కుడితిలో పడ్డ ఎలుకలాగా గింజుకునేవాణ్ణి. పక్కనే జానెడు దూరంలో నున్నగా అరిగిపోయిన కొయ్య అంచు. పట్టుకునేవాణ్ణి. నేను పట్టుకున్న వైపు పడవ ఒరగకుండా పెద్దకాపు రెండో వైపు ఒక అడుగు వేసి నిలబడేవాడు. తిట్టినా బాగుండేదని నాకు కోపం వచ్చేది.

మిగతా రెండు ఆటల్లో నాకు ఢోకా లేదు. బడి వదిలాక ఇసుకలో చెప్పులు చేత పట్టుకుని పరుగు. ఇంటికి చేరాక మళ్ళీ చెరువు కట్ట మీద పొద్దు గుంకేదాకా పరుగు. మా పల్లెలో పనిలేకుండా పరుగెత్తిన మొదటి మనిషిని నేనే. కలుపు తీసేవాళ్ళు నడుములెత్తి, "ఏందయ్యా, ఎవురన్నా తరుముతుండారా?" అని కేకేసేవాళ్ళు. కుక్కలు నిజంగానే తరిమేవి. "తినింది అరక్క" అని మా నాయన ఆ మొత్తానికి రెండు మాటల్లో తీర్పు చెప్పేశాడు. మా ఆవిడ మాత్రం నువ్వుల నూనె వేడిచేసి పిక్కలకు రాసేది. రాస్తూ సాధించేది. "ఏరు ఈదితే ప్రమోషన్ ఇస్తారా ఏంది మీకు?"

కొన్ని రోజులు ఒళ్ళు గాలిలాగా ఉండేది. ఆ రోజుల్లో పిల్లలకు ఎక్కాలు కూడా హుషారుగా చెప్పేవాణ్ణి. కొన్ని రోజులు ఎందుకో తెలియదు, సైకిలు మీద మొదటి మైలులోనే తొడలు బరువెక్కేవి, నీళ్ళలో పిక్క పట్టేసేది, అన్నం సయించేది కాదు. అయినా, నిజం చెప్పాలంటే, నేను అంత సంతోషంగా ఉన్న రోజులు తక్కువ. ఏటి నీళ్ళు ఏ రోజు చల్లగా ఉంటాయో, ఏ రోజు పైన వెచ్చగా కింద చల్లగా ఉంటాయో నాకు తెలిసేది. ఆటుపోట్ల వేళలు పంచాంగం చూడకుండా చెప్పగలిగాను. పెద్దకాపు చెప్పిన కిటుకు ఒకటి ఒంటబట్టింది. ఎదురుగా కనపడే రేవు వైపు ఈదకూడదు, దానికి ఎగువన ఉన్న తాడిచెట్టు వైపు ఈదాలి, మిగతాది ఏరు చూసుకుంటుంది. సగం దాటి ముప్పాతిక దాకా రాగలిగాను. ఒకనాడు పది బారల దూరంలో పట్టుకున్నాను. ఆ రాత్రి మా ఆవిడతో, రేపు చూడు, రేపు ముట్టుకోను అన్నాను.

మర్నాడు పొద్దున పెద్దకాపు నన్ను పడవ ఎక్కమన్నాడు. "దురాయి వేసినాం. ఏట్లో ఎవురూ కాలు పెట్టగూడదు."

దురాయి అంటే పాలెం పెద్దలందరూ కూర్చుని వేసే కట్టుబాటు. దాన్ని మీరినవాణ్ణి పోలీసులు పట్టుకోరు గానీ, మీరేవాడు ఉండడు. ఏట్లో వలలు వేసే వంతుల దగ్గర ఈ పాలేనికీ, దక్షిణాన ఉన్న పాలేనికీ మాట తేడా వచ్చింది. ఆ తగువు తేలేదాకా రెండు పాలేల మనుషులూ ఏట్లో దిగకూడదు. మనుషుల్ని దాటించే పడవకు మాత్రం అడ్డు లేదు.

ఒకరోజు ఊరుకున్నాను. రెండో రోజు ఊరుకున్నాను. మూడో రోజుకు నా బుద్ధి వంకలు వెతకడం మొదలుపెట్టింది. దురాయి వలల గురించి కదా, నాకు వల లేదు. నేను పాలెం మనిషిని కాదు, వరి రైతు కొడుకుని, గవర్నమెంటు జీతగాణ్ణి. పందెం పన్నెండు రోజుల్లోకి వచ్చింది. మధ్యాహ్నం పిల్లల్ని అన్నాలకు పంపించి, మడచెట్ల చాటున ఎవరూ చూడని వంపులో దిగాను. పావుగంట ఈదాను. అద్భుతంగా ఈదాను. ఒడ్డుకొచ్చి పంచె పిండుకుంటుంటే ఎదుటి గట్టున దక్షిణపు పాలెం మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు.

సాయంత్రానికి రెండు పాలేలూ ఏటి ఒడ్డున చేరాయి. మీ వాళ్ళే దురాయి తెంచారని వాళ్ళు, మా వాడెవడూ దిగలేదని వీళ్ళు. పెద్దకాపు ఇసుకలో గొంతుక్కూర్చుని పుల్లతో గీతలు గీస్తున్నాడు. ఆయనకు తెలుసు. నా జుట్టు ఇంకా ఉప్పు కట్టి ఉంది. అయినా నా వైపు చూడడు, నా పేరెత్తడు. నేను మెల్లగా పక్కకు పోయి, "కాపూ, నేనేనని నువ్వు చెప్పెయ్యి" అన్నాను.

"నేను చెప్పగూడదయ్యా. చేసినోడే చెప్పాల. చేసినోడు నోటితో చెప్తే అది ఆడితో సరి. మళ్ళా దాన్ని ఎవురూ ఎత్తగూడదు, ఎత్తినోడిదే తప్పు. ఇంకొకడు చెప్తే మాత్రం చచ్చేదాకా పోదు."

లేచి నిలబడ్డాను. ఈసారి కోపంతో కాదు. బళ్ళో నేను తప్పు చేసిన పిల్లల్ని నిలబెట్టేటట్టే నిలబడ్డాను. నా పిల్లలు వాళ్ళ అమ్మల వెనక నుంచి తొంగి చూస్తున్నారు. "మధ్యాహ్నం ఏట్లో దిగింది నేనే. దురాయి సంగతి తెలిసే దిగాను. తప్పు నాదే" అన్నాను. చెవులు వేడెక్కిపోయాయి. రెండు పాలేల పెద్దలూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుని తప్పు వేశారు. పది రోజులు తెల్లవారుజామున వచ్చి అలివి వల లాగాలి. వాటా లేదు.

అలివి వల అంటే ఒడ్డు నుంచి లాగే పెద్ద వల. పడవలో తీసుకుపోయి సముద్రంలో చుట్టూ వదిలి వస్తారు. దాని రెండు కొసల తాళ్ళనూ ఒడ్డున రెండు జట్లు లాగుతాయి. తాడు భుజానికి ఆనించుకుని ఇసుకలో వెనక్కి నడవాలి. మొదటిరోజు నా ప్రతాపమంతా చూపించి గుంజాను. అరగంటకు అరచేతులు బొబ్బలెక్కాయి. నా ముందు తాడు పట్టుకున్న ముసలామె వెనక్కి తిరిగి, "గుంజబాకయ్యా. ఆనుకో. అల ఇచ్చినప్పుడు తీసుకో, అల లాగినప్పుడు ఊరకుండు" అంది. ఆమె బరువు నా బరువులో సగం ఉండదు. ఆమె పని మాత్రం చక్కగా సాగిపోతోంది.

పందెం ముందర నా శిక్షణ మట్టికొట్టుకుపోయిందని మూడు రోజులు ఏడ్చాను. అయిదో రోజుకు ఊపిరి దారికొచ్చింది. ఎనిమిదో రోజుకు భుజాలు నావి కానట్టు గట్టిపడ్డాయి. వల సంచి ఒడ్డుకు చేరినప్పుడు అందరితో పాటు నేనూ అరిచాను. వాటాలు పంచేటప్పుడు మాత్రం దూరంగా పోయి సముద్రం వైపు చూస్తూ నిలబడేవాణ్ణి. నా తప్పు గురించి ఆ పది రోజుల్లో ఒక్కరంటే ఒక్కరు ఎత్తలేదు. తగువు తేలి దురాయి తీసేశాక మళ్ళీ నీళ్ళలో దిగాను. పందేనికి ముందురోజు కూడా పడవ పట్టుకున్నాను, కానీ ఒడ్డుకు అయిదు బారల దగ్గర.

పందెం రోజు ఏడుగురం దిగాం. నేను, ఇంకో ఇద్దరు అయ్యవార్లు, ఒక కాంపౌండరు, టీకాలు వేసే ఆయన, ఇద్దరు గుమాస్తాలు. టౌను అయ్యవారు రాలేదు, నడుము నొప్పట. పాలెం వైపు నుంచి దిగి ఇవతలి గట్టుకు రావాలి. తోడుగా మూడు పడవలు. నా పక్కన వచ్చే పడవకు గడ వేసేది పెద్దకాపు. అందులో హెల్త్ ఇన్‌స్పెక్టరు గారు గొడుగు వేసుకుని జడ్జిగా కూర్చున్నారు.

సగం దాటాను. ముప్పాతిక దాటాను. గట్టు మీద మనుషుల మొహాలు కనిపిస్తున్నాయి. అప్పుడు ఎక్కణ్ణుంచో ఒక చిన్న అల వచ్చి నోటి నిండా ఉప్పునీళ్ళు పోసింది. దగ్గు వచ్చింది. ఇంకో దగ్గు వచ్చింది. కళ్ళు తెరిచేసరికి నా కుడిచెయ్యి పడవ అంచు మీద ఉంది. ఎన్నాళ్ళ నుంచో అక్కడే ఉన్నట్టు హాయిగా ఉంది. రెండు ఊపిరులు తీసుకుని వదిలేశాను. హెల్త్ ఇన్‌స్పెక్టరు గారు ఆ క్షణాన అటు తిరిగి, సముద్రం వైపు ఈదుకుంటూ పోతున్న కాంపౌండరును కేకలేస్తున్నారు. పెద్దకాపు ఒక్కడే చూశాడు. నా చెయ్యి చూశాడు, నా మొహం చూశాడు, గడ వేసుకుంటూ ఉండిపోయాడు.

గట్టెక్కి సైకిలు అందుకున్నాను. సముద్రపు గాలి లేచి వీపున తోసింది. ఒక అయ్యవారినీ ఒక గుమాస్తానూ దాటాను. పరుగులో ఇంకొకణ్ణి దాటాను. ఎవరూ చూడలేదు కదా అని ఒక అడుగు, నేను చూశాను కదా అని ఇంకో అడుగు. బడి మైదానంలోకి మూడోవాడిగా వచ్చాను.

జనంలో మా నాయన ఉన్నాడు. ఎడ్లకు తవుడు కోసం వచ్చానని తర్వాత చెప్పాడు గానీ, తవుడు మా పల్లెలోనే దొరుకుతుంది. పక్కనున్న ఎవరితోనో, "ఆ మూడోవాడు మావాడే" అంటున్నాడు. నా జన్మలో ఆయన నన్ను గురించి పరాయివాడితో మంచిగా చెప్పగా వినడం అదే మొదటిసారి. మూడో బహుమతి ఒక ఇత్తడి చెంబు. బల్ల మీద మెరుస్తోంది. బీడీవో గారు నా పేరు పిలిచారు.

బల్ల దగ్గరికి పోయి, "సార్, నేను ఏట్లో పడవ పట్టుకున్నాను" అన్నాను.

హెల్త్ ఇన్‌స్పెక్టరు గారి మొహం ఎర్రబడింది. తాను చూడలేదన్నారు. బీడీవో గారు జనం వెంట అక్కడిదాకా వచ్చిన పెద్దకాపు వైపు తిరిగి, నిజమేనా అని అడిగాడు. "ఆయన చెప్పినాడు కదయ్యా, నన్నడిగేది దేనికి?" అన్నాడు పెద్దకాపు. చెంబు టీకాల ఆయనకు పోయింది. పాపం, ఆయన నన్ను చూస్తూ సిగ్గుపడుతూ అందుకున్నాడు. నేనేదో గొప్ప పని చేశానని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. చెప్పిన మరుక్షణమే ఎందుకు చెప్పానా అని బాధపడ్డాను. వెనక్కి తిరిగేసరికి మా నాయన అక్కడ లేడు.

ఇంటికి పోతే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఊరకున్నంత ఉత్తమం లేదంటారు. నీకు అది కూడా చేతకాలేదురా" అన్నాడు. తర్వాత నాతో మాట మానేశాడు. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "చెంబులకేం కరువు మనింట్లో, నాలుగుండాయి" అంది. ఆ మాటకు నవ్వొచ్చింది గానీ, కంచం సగంలోనే వదిలి లేచాను.

సోమవారం ఏటికి పోయాను. గంపల ఆడవాళ్ళు నన్ను చూశారు. ఎవరూ పందెం మాట ఎత్తలేదు. బళ్ళో పిల్లలు ఎత్తలేదు. నేనే ఒకటి రెండుసార్లు కదిలించబోతే చేపల సంగతిలోకి, గాలి సంగతిలోకి దించేశారు. నోటితో చెప్పిన తప్పు కదా. పడవ దగ్గర నేను చొక్కా విప్పకుండా ఎక్కబోతే పెద్దకాపు గడ అడ్డం పెట్టాడు.

"దిగు."

"పందెం అయిపోయింది గదా కాపూ."

"పందెం పోయింది. ఏరు ఆడనే ఉండాది."

మళ్ళీ రోజూ దిగాను. ఇప్పుడు తొందర లేదు, తేదీ లేదు. ఒకరోజు మూడు బారల దగ్గర పట్టుకున్నాను, ఒకరోజు సగంలోనే పట్టుకున్నాను. బాగుపడుతున్నానో చెడిపోతున్నానో లెక్క వేసుకోవడం మానేశాను. తాడు లాగిన ముసలామె మాట ఒక్కటే మనసులో పెట్టుకుని, ఏరు ఇచ్చినప్పుడు తీసుకుంటూ పోయాను.

పది రోజులు పోయాక ఒక పొద్దున మా నాయన తనంత తానే వచ్చి సైకిలు పక్కన నిలబడ్డాడు. పంచె ఎగగట్టి, భుజాన తుండు వేసుకుని ఉన్నాడు. "నీ బడి ఎట్టుంటదో చూద్దామని" అన్నాడు. నాలుగేళ్ళుగా లేని ఆసక్తి ఆ రోజు ఎందుకొచ్చిందని నేను అడగలేదు. వెనక క్యారియరు మీద కూర్చోబెట్టుకుని అయిదు మైళ్ళూ తొక్కాను. వీపుకు ఆయన ఊపిరి తగులుతుంటే ప్రాణం కుదుటపడింది.

ఆయన పడవ ఎక్కాడు. నేను నీళ్ళలోకి దిగాను. మా నాయన పడవ మధ్యలో రెండు చేతులతో అడ్డపలక పట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. ఇంత నీళ్ళు ఆయన ఒక్కసారిగా ఎప్పుడూ దాటలేదు. సగం దాటాం. ముప్పాతిక దాటాం. గట్టు నుంచి గాలి తిరిగి, అల నా తల మీదుగా పోయింది. దగ్గాను. లేచి చూసేసరికి మా నాయన పడవ అంచు మీదికి వంగి, నా వైపు చెయ్యి చాపి ఉన్నాడు.

"పట్టుకోరా! పట్టుకో!"

"నువ్వు కూచోవయ్యా, పడవ కదిలిపోతది" అన్నాడు పెద్దకాపు.

ఆయన కూర్చోలేదు. ఆ చెయ్యి నా మొహానికి మూర దూరంలో అట్లాగే ఉంది. నాగలి పట్టి కాయలు కాసిన చెయ్యి, చిన్నప్పుడు నన్ను బావిలోకి తోసిన చెయ్యి, ఇప్పుడు పట్టుకొమ్మంటోంది. పడవ అంచును వద్దనుకోవడం నాకు మూణ్ణెల్లుగా అలవాటే. ఈ చేతిని వద్దనుకోవడం కష్టమైంది. పట్టుకోకపోతే ఆయన ఏమనుకుంటాడోనని కూడా అనిపించింది. నీళ్ళు ఉమ్మేసి, "ఉండు నాయనా, వస్తున్నా" అన్నాను. తాడిచెట్టు వైపు చూసి ఒక బార వేశాను. ఇంకోటి వేశాను. ఆ తర్వాత ఎన్ని వేశానో తెలియదు. కాలికి బురద తగిలింది. నిలబడితే నీళ్ళు నడుముల దాకే ఉన్నాయి.

వెనక్కి తిరిగి చూశాను. పడవ ఇంకా ఆగనే లేదు, మా నాయన అప్పుడే దిగేశాడు. మోకాళ్ళ దాకా నీళ్ళలో తడబడుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. భుజం మీద తుండు తీసి నా తల తుడవడం మొదలుపెట్టాడు. "ముక్కులోకి పోయినాయా నీళ్ళు? పడిశం పట్టుద్ది. వంగు, సరిగ్గా వంగు" అంటున్నాడు. గట్టు మీద నా బడిపిల్లలందరూ నిలబడి చూస్తున్నారు. నాకప్పటికి ఇరవై ఏడేళ్ళు, ఇద్దరు బిడ్డల తండ్రిని. ఆయన తుడవడం అయ్యేదాకా తల వంచుకుని నిలబడ్డాను.